తెర మీది ప్రయోగశాల

దూరాన ఉన్న కంప్యూటర్ నుంచి భౌతికశాస్త్ర పాఠాన్ని తెర మీదికి రప్పించుకోవడం ఇంటర్నెట్ కన్నా ముందే మొదలైంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో పుట్టిన ప్లేటో అనే వ్యవస్థలో ఒకే పెద్ద కంప్యూటర్‌కు ఎక్కడెక్కడి టెర్మినళ్లనో తగిలించేవారు. 1972 ప్రాంతంలో దానికి నారింజ రంగులో వెలిగే ప్లాస్మా తెర వచ్చింది. వేలితో తాకితే ఆ తెర స్పందించేది. బ్రూస్ షెర్‌వుడ్ అనే భౌతికశాస్త్రవేత్త దాని కోసం యాంత్రికశాస్త్ర పాఠాలు రాశాడు. ఒక్కో టెర్మినల్ ఖరీదు చూస్తే అది మామూలు హైస్కూలుకు అందే వస్తువు కాదు. అయినా ఆ తర్వాత వచ్చిన వాటన్నిటికీ మూలమైన ఆలోచన అక్కడే ఉంది: విద్యార్థి ఏదో ఒకటి చేస్తే తెర మీద ఏదో ఒకటి జరగాలి.

1990ల మధ్యలో వెబ్ బడుల దాకా వచ్చినప్పుడు మొదట చేరింది మాత్రం పాఠమూ బొమ్మలే. ఇల్లినాయ్ రాష్ట్రంలోని గ్లెన్‌బ్రూక్ సౌత్ హైస్కూలు ఉపాధ్యాయుడు టామ్ హెండర్సన్ తన విద్యార్థుల కోసం రాసిన పాఠాలు ‘ది ఫిజిక్స్ క్లాస్‌రూమ్’ అనే సైటుగా పెరిగాయి. జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో రాడ్ నేవ్ మాకింతోష్ కంప్యూటర్లలోని హైపర్‌కార్డ్ అనే ప్రోగ్రాం మీద కూర్చిన చిన్న చిన్న పుటలు ‘హైపర్‌ఫిజిక్స్’ అయ్యాయి. ఒక భావన మీద నొక్కితే దానికి సంబంధించిన మరో భావన తెరుచుకునే అల్లిక అది. చూపుకు ఆర్భాటం లేని ఈ రెండూ, తర్వాత వచ్చిన మెరుపుల్లో చాలావాటికన్నా ఎక్కువ కాలం నిలబడ్డాయి.

1995లో జావా అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చింది. బ్రౌజర్‌లోనే నడిచే చిన్న ప్రోగ్రాములు, అంటే ఆప్లెట్లు, సాధ్యమయ్యాయి. లోలకం పొడవు మార్చి డోలనావర్తన కాలం ఎలా మారుతుందో పిల్లలు తెర మీదే చూడగలిగారు. ఈ పనిలో ముందున్నవారిలో పరిశోధకులతో పాటు బడి పంతుళ్లూ ఉన్నారు. జర్మనీలో గణితం, భౌతికశాస్త్రం బోధించిన వాల్టర్ ఫెంట్ ఒక్కడే కూర్చుని రాసిన ఆప్లెట్లను స్వచ్ఛంద అనువాదకులు అనేక భాషల్లోకి తెచ్చారు. అమెరికాలోని డేవిడ్‌సన్ కాలేజీలో వుల్ఫ్‌గాంగ్ క్రిస్టియన్ మరో దారి పట్టాడు. ఆయన తయారుచేసిన ‘ఫిజ్‌లెట్’లో ప్రశ్న ఉండదు, కదలిక మాత్రమే ఉంటుంది. దాని చుట్టూ ఏ ప్రశ్న వేయాలో ఉపాధ్యాయుడే కొద్దిపాటి జావాస్క్రిప్ట్‌తో రాసుకోవచ్చు. మారియో బెలోనీతో కలిసి ఆయన ఫిజ్‌లెట్లపై రాసిన పుస్తకం 2001లో వచ్చింది. ఉపాధ్యాయుణ్ణి వాడకందారుగా కాక సహ రచయితగా చూసిన ఆ పద్ధతికి దక్కాల్సినంత పేరు దక్కలేదు. ప్రోగ్రాం వాక్యాలు దిద్దుకునే తీరిక ఎంతమంది పంతుళ్లకు ఉంటుంది!

ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు ఫెట్. సిమ్యులేషన్లు, అంటే తెర మీది అనుకరణ ప్రయోగాలు, తయారుచేసే ప్రాజెక్టు ఇది. బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్‌ను సాధించినందుకు 2001 నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఒకరైన కార్ల్ వీమన్, మరుసటి ఏడాది కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్‌లో దీన్ని ప్రారంభించాడు. బహుమతి సొమ్ములో కొంత ఇందులో పెట్టాడు. ఫెట్ బృందం సిమ్యులేషన్‌ను తయారుచేసి వదిలేయలేదు. విద్యార్థిని దాని ముందు కూర్చోబెట్టి, మనసులో అనుకున్నది పైకి చెబుతూ ఆడుకోమనేది. ఎక్కడ తడబడ్డారో, దేన్ని అసలు ముట్టుకోలేదో రాసుకుని మళ్లీ దిద్దేది. అలా తేలిన ఒక సంగతి: తెర తెరవగానే అన్నీ కదులుతుంటే పిల్లలు టీవీ చూసినట్టు చూస్తూ ఊరుకుంటారు. కదలిక వాళ్ల చెయ్యి పడ్డాకే మొదలైతే ప్రశ్నలు పుడతాయి. సూచనల పట్టీలను ఎవరూ చదవడం లేదని గమనించి వాటినీ తగ్గించారు.

వీటిలో బాగా ప్రచారం పొందినది బ్యాటరీలు, బల్బులు, తీగలతో వలయాలు కట్టే సిమ్యులేషన్. బల్బు కొంత విద్యుత్తును తినేస్తుందని, అందుకే దాన్ని దాటాక ప్రవాహం తగ్గుతుందని చాలామంది విద్యార్థులు గట్టిగా నమ్ముతారు. ఈ తెర మీద తీగలో ఎలక్ట్రాన్లు గుండ్రాలుగా కనిపిస్తూ, బల్బుకు ముందూ వెనకా ఒకే వేగంతో సాగుతాయి. అసలు తీగలో వాటిని చూడడం ఎవరి తరమూ కాదు. నోవా ఫింకెల్‌స్టైన్, సహచరులు కొలరాడోలోనే ఒక కాలేజీ కోర్సులో జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. కొందరికి నిజమైన సామగ్రి, కొందరికి సిమ్యులేషన్ ఇచ్చి, తర్వాత అందరి చేతా నిజమైన వలయమే కట్టించారు. తెర మీద నేర్చినవారే దాన్ని బాగా కట్టి, బాగా వివరించగలిగారు. వదులు కనెక్షన్లు, తేడాగా వెలిగే బల్బులు దృష్టి మళ్లించకపోవడం ఇందుకు ఒక కారణం. ఈ ఫలితాన్ని పట్టుకుని ఇక ల్యాబ్ అక్కర్లేదన్నవారూ లేకపోలేదు. అధ్యయనం అంత మాట అనలేదు. వలయాల వంటి పాఠంలో, ఫలానా లక్ష్యానికి, ఫలానా సాధనం మెరుగని మాత్రమే అది చూపింది. కొలతలో దోషాన్ని పసిగట్టడం, పరికరంతో కుస్తీ పట్టడం తెర నేర్పేవి కావు.

ఇంత శ్రమా నిలబడింది ఇతరుల సాఫ్ట్‌వేర్ మీద. 2007లో వచ్చిన ఐఫోన్, చాలా సిమ్యులేషన్లకు ఆధారమైన ప్లగిన్ (బ్రౌజర్‌కు తగిలించే ప్రోగ్రాం) ఫ్లాష్‌ను నడిపించలేదు. జావాలో బయటపడిన భద్రతా లోపాల వల్ల 2013లో అమెరికా ప్రభుత్వ విభాగమే బ్రౌజర్లలో దాన్ని ఆపేయమని సలహా ఇచ్చింది. 2015లో క్రోమ్ జావా ప్లగిన్‌ను వదిలేసింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ముగిసింది. పదిహేనేళ్లపాటు పోగైన ఆప్లెట్లు వేలకొద్దీ పేజీల్లో బూడిదరంగు ఖాళీ పెట్టెలుగా మిగిలాయి. వెనక సంస్థ, నిధులు ఉన్న ఫెట్ తన సిమ్యులేషన్లను ఒక్కొక్కటిగా, ప్లగిన్ అక్కర్లేని హెచ్‌టీఎంఎల్5లో తిరగరాసుకుంది. ఫెంట్ తనవి తానే తిరగరాశాడు. ఒంటరి పంతుళ్లు సరదాకి పెట్టినవి చాలావరకు పోయాయి. హైపర్‌ఫిజిక్స్‌కు మాత్రం ఈ గాలి తగలలేదు. దాని పుటలకు ప్లగిన్ అవసరమే లేదు.

వీడియోల దారి వేరు. ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని ఉచితంగా వెబ్‌లో పెడతామని 2001లో ప్రకటించింది. అమెరికన్ విద్యావేత్త సల్మాన్ ఖాన్ 2006లో యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టిన పాఠాలు ఖాన్ అకాడమీ అయ్యాయి. వీటి ప్రేక్షకుల ముందు సిమ్యులేషన్ల వాడకందారులు ఏపాటి! కానీ ప్లేటో నాటి ఆలోచనకు ఇది వెనకడుగు. చూసేవాడు ఆపగలడు, వెనక్కి తిప్పగలడు, అంతే.

భారతదేశంలో తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల కోసం అమృత విశ్వవిద్యాపీఠం, ప్రభుత్వ సంస్థ సీడాక్ ముంబై కలిసి ‘ఓ-ల్యాబ్స్’ను రూపొందించాయి. ఉద్దేశం సూటిగానే ఉంది: ల్యాబ్ లేని బడికి ప్రాక్టికల్స్ సిలబస్‌ను తెర మీద అందించడం. అందుకే అందులోని ప్రయోగాలకు సిద్ధాంతం, విధానం, వైవా ప్రశ్నలు రికార్డు పుస్తకం వరసలో ఉంటాయి. బొమ్మలతో సైన్సు నేర్పే అరవింద్ గుప్తా తన సైటులో పుస్తకాలనూ, చెత్త నుంచి తయారయ్యే బొమ్మల వీడియోలనూ ఉచితంగా పెట్టాడు. వాటిలో తెలుగువీ ఉన్నాయి. 2017 సెప్టెంబరు 5న మొదలైన దీక్ష వేదిక, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో పాఠాన్ని ఫోన్‌కు కలిపింది. 2020లో బడులు మూతపడినప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు సాగాయి. ఇంటర్నెట్ అందని ఇళ్లకు మళ్లీ టీవీయే దిక్కయింది.

స్వచ్ఛంద అనువాదాల ద్వారా ఫెట్ సిమ్యులేషన్లు కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. పదో తరగతి భౌతికశాస్త్రంలోని కటకాలు, విద్యుత్ ప్రవాహం, విద్యుదయస్కాంతత్వం పాఠాలకు సరిపోయేవి ఫెట్‌లో ఉన్నాయి. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి కాబట్టి కంప్యూటర్ గదిలో ఒక యంత్రం పనిచేసినా చాలు.

ఈలోగా ఫోనే పరికరమైంది. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్, ఫోన్‌లోని త్వరణ, అయస్కాంత, పీడన సెన్సర్ల రీడింగులను గ్రాఫుగా గీస్తుంది. ఫోన్‌నే దారానికి కట్టి లోలకంగా ఊపితే డోలనావర్తన కాలాన్ని లెక్కగట్టి చూపిస్తుంది. లిఫ్ట్‌లో పైకి వెళ్తుంటే త్వరణమూ, వేగమూ, ఎత్తూ ఒకే తెర మీద కనిపిస్తాయి. ఇందులో అనుకరణ లేదు, కొలిచేది నిజమైన కదలికనే. గ్రాఫులో గజిబిజిగా వచ్చే గీతలకు కారణం వెతుక్కోవలసింది మాత్రం పిల్లలే.