కాఫీ హోటలు కథ: పూటకూళ్ల ఇంటినుండి దర్శినివరకు

ఉగాది సంచికలలో మనము ఏటేటా విజయనగర రాజులను గూర్చియు, కవులను గూర్చియు, పొట్టచేతబట్టుకొని ఈ నేలకు వచ్చిన మన పూర్వులను గూర్చియు చదువుకొనుచున్నాము. అది చేయవలసిన పనియే. కాని వీధి మలుపున ఉన్న కాఫీ హోటలుకును ఒక చరిత్ర కలదు. ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుండవచ్చును, ఎవరి చేతి నీళ్లు ఎవరు త్రాగవచ్చును అను ప్రశ్నలు మన దేశములో రాజసభలకంటె తిను చోటులలోనే ఎక్కువగా నలిగినవి. కాబట్టి ఈ పండుగనాడు కాఫీ గ్లాసు చేతబట్టుకొని ఆ కథను ఒకసారి తిరుగవేసి చూడదలచినాము.

హోటలు అను మాట మనకు క్రొత్తది. పూటకూళ్ల ఇల్లు పాతది. బాటసారులకును, కోర్టు పనులపై పట్టణము వచ్చినవారికిని, చదువుకొను పిల్లలకును డబ్బు తీసుకొని అన్నము పెట్టెడి ఇండ్లవి. గురజాడవారి కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మను ఎరుగని తెలుగువారు అరుదు. అట్టి ఇండ్లలో వండువారి కులము, తినువారి కులము ముందే తెలిసియుండవలెను. ఆ లెక్క తేలినగాని విస్తళ్లు పడవు. ఇంటి కట్టుబాట్లన్నియు డబ్బిచ్చి తిను చోటికి కూడ వెంటవచ్చినవన్నమాట.

కాఫీ వచ్చిన తరువాత ఈ కట్టుబాట్లకు చిక్కు వచ్చినది. అన్నమునకు పీట, విస్తరి, పంక్తి కావలెను. కాఫీకి ఒక గ్లాసు చాలును. పంక్తి లేని చోట పంక్తిభేదమును నిలుపుట అంత సులభము కాదు. అయినను నిలుపుటకు మనవారు చేసిన ప్రయత్నములు తక్కువవి కావు.

ఈ కాఫీ మన కొండలకు వచ్చిన విధమే చిత్రమైనది. పదునేడవ శతాబ్దములో బాబా బుడన్ అను సూఫీ మక్కా యాత్రనుండి తిరిగివచ్చుచు, యెమెన్ దేశపు మోఖా రేవునుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలపై నాటెనని పరంపరగా చెప్పుకొందురు. ఆ కొండలు నేటికిని ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నవి. పందొమ్మిదవ శతాబ్దములో ఆంగ్లేయులు అక్కడను, కొడగులోను, నీలగిరులలోను తోటలు విస్తారముగా వేసినారు. మన విశాఖ మన్యమునకు కూడ ఈ పంట వచ్చినది. అరకు, పాడేరు ప్రాంతములలో గిరిజన రైతులు నీడచెట్ల క్రింద, మిరియపు తీగల నడుమ కాఫీ పండించుచున్నారు. 2019లో చిక్కమగళూరు, కొడగు, బాబా బుడన్ గిరి కాఫీలతోపాటు అరకు లోయ అరబికాకును భౌగోళిక గుర్తింపు లభించినది. తెలుగు కన్నడములవలె కాఫీ కూడ రెండు నేలలకును చెందిన పంటయే అని మనము గర్వించవచ్చును.

గింజ ఒకటియే అయినను పానము చేయు పద్ధతి దక్షిణాదిలో వేరుగా కుదిరినది. రెండు అంతస్తుల ఇత్తడి ఫిల్టరులో పై గిన్నెకు సన్నని చిల్లులు ఉండును. దానిలో పొడి వేసి, అదిమి, మరగిన నీరు పోసినచో, డికాక్షను చుక్కచుక్కగా క్రిందికి దిగును. దానికి కాచిన పాలు, పంచదార కలిపి ఎత్తునుండి ఒకదానినుండి ఒకదానిలోనికి తిరుగబోసినప్పుడు నురుగు వచ్చును. చికోరీ కలిపినచో రంగును, చిక్కదనమును పెరుగును. అది నూటికి 49 పాళ్లకు మించరాదని నేటి చట్టము. ఈ పద్ధతికి సమయము పట్టును. ఇంటిలో తెల్లవారుజామున మొదలుపెట్టవలసిన ఆ పనిని కాఫీ హోటలు తనపై వేసికొన్నది.

బెంగళూరులో 1924లో పరమేశ్వర మయ్య సోదరులు లాల్‌బాగ్ సమీపమున ఒక చిన్న హోటలు తెరచినారు. దాని పేరు బ్రాహ్మణ కాఫీ క్లబ్బు. అదియే 1960లో క్రొత్త భవనమునకు మారి మావళ్లి టిఫిన్ రూమ్స్ అయి, ఎం.టి.ఆర్. అను మూడక్షరములతో లోకప్రసిద్ధమైనది. ఆనాడు దక్షిణాది పట్టణములలో ఇట్టి పేర్లు సర్వసాధారణము. ఆ మాట వంటవాని కులమును తెలిపెడిది. పెక్కుచోట్ల తినువారిని కూడ ఏరెడిది. రైలు స్టేషన్ల ఫలహారశాలలలోను బ్రాహ్మణులకు వేరు, ఇతరులకు వేరు ఏర్పాట్లుండెడివి. మద్రాసు రాజధానిలో ఆత్మగౌరవోద్యమమువారి ఆందోళనవలన 1941లో అవి పోయినవి. మద్రాసు ట్రిప్లికేనులో ఒక హోటలు పేరుబల్లపై బ్రాహ్మణ శబ్దము ఉండరాదని 1957లో పెరియారు అనుచరులు రోజుల తరబడి ఆ హోటలు ఎదుట నిలిచి జైళ్లకు పోయినారు.

పట్టణములో పేరుబల్ల తగవు ఇట్లుండగా, పల్లె హోటలులో తగవు గ్లాసుపై ఉండెడిది. దీనినే రెండు గ్లాసుల పద్ధతి అందురు. అగ్రకులములవారికి లోపల బల్లపై ఒక గ్లాసు. దళితులకు బయట చూరుక్రింద వేరొక గ్లాసు. వారు దానిని తామే తీసికొనవలెను, పైనుండి పోయగా త్రాగవలెను, తామే కడిగి మరల అక్కడనే పెట్టవలెను. డబ్బు మాత్రము ఇద్దరికిని ఒకటియే. ఎవరి పని వారు చేసికొనుట అను మర్యాద ఇక్కడ శిక్షయై, కొందరిపైననే మోపబడినది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునైదవ అధికరణములో హోటళ్ల పేరెత్తి మరీ ఈ అడ్డును తొలగించినది. పదునేడవ అధికరణము అంటరానితనమునే రద్దుచేసినది. 1955లో దానిని నేరముగా ఎంచు చట్టము వచ్చినది. అయినను ఆ తరువాత ఎన్నో ఏండ్లకు జరిగిన పరిశీలనలలో కూడ, మన తెలుగు పల్లెలలోను, కన్నడ తమిళ పల్లెలలోను, ఆ రెండవ గ్లాసు కనబడుచునే వచ్చినది.

ఈలోపల మరియొక దారిలో కాఫీ అందరిదైనది. గింజలు అమ్ముడుపోక తోటలవారు ఇబ్బంది పడుచున్న కాలములో, 1935 చట్టముచే ఏర్పడిన కాఫీ సెస్సు కమిటీవారు ప్రజలకు ఈ రుచి అలవాటు చేయుటకై 1936లో బొంబాయిలో మొదటి కాఫీ హౌసు తెరచినారు. తరువాత బెంగళూరు కేంద్రముగా కాఫీ బోర్డు వాటిని నడిపినది. 1950ల నడుమ బోర్డు వాటిని మూసివేయగా, ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహముతో పనివారే సహకార సంఘములుగా ఏర్పడి, 1957 మొదలు ఇండియన్ కాఫీ హౌసులను తామే నడుపసాగినారు. వడ్డించువాడే యజమాని అగుట మన దేశములో సామాన్యమైన సంగతి కాదు.

ఎవరికివారు తెచ్చుకొను పద్ధతికి పశ్చిమ దేశములలో వేరు పుట్టుక కలదు. అమెరికాలో హార్న్, హార్డార్ట్ అను ఇద్దరు భాగస్థులు 1902లో ఫిలడెల్ఫియాలోను, 1912లో న్యూయార్కులోను ఆటోమాట్ అను భోజనశాలలు తెరచినారు. గోడనిండ అద్దపు తలుపుల అరలు. నాణెము వేసి పిడి త్రిప్పిన తలుపు తెరచుకొనును. కాఫీకి డాల్ఫిన్ తల ఆకారపు గొట్టము. అయిదు సెంట్ల నాణెమునకు సరిగా ఒక కప్పు నిండును. యంత్రము అయిదు సెంట్ల మెట్టుననే నడచును గనుక, ధర పెంచవలసి వచ్చినప్పుడు 1950లో ఒక్కమారుగా పది సెంట్లు చేయవలసివచ్చినది. చివరి ఆటోమాట్ 1991లో మూతపడినది. 1948లో మెక్‌డొనాల్డ్ సోదరులు కాలిఫోర్నియాలో వడ్డించువారిని తీసివేసి, గవాక్షమువద్దనే తీసికొనిపొమ్మన్నారు. నేటి ఫాస్టుఫుడ్డు హోటళ్లకు అదియే ఒరవడి.

అక్కడ కూడ గ్లాసు కథ లేకపోలేదు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో అను పట్టణములో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక పెద్ద దుకాణములో కాఫీ బల్లవద్ద కూర్చుండి కాఫీ అడిగినారు. ఆ దుకాణమువారు వారికి సరకులు అమ్ముదురు; కూర్చుండబెట్టి కాఫీ మాత్రము ఇయ్యరు. వారు లేవలేదు. మరునాడు మరికొందరు వచ్చినారు. ఆ ఏడు జులైలో ఆ బల్ల అందరికిని తెరువబడినది. 1964లో దేశమంతటికిని చట్టము వచ్చినది. ఒక కప్పు కాఫీకి అంత బలమున్నది.

ఇక బెంగళూరునకు తిరిగివత్తము. 1983లో ఆర్. ప్రభాకర్ జయనగరములో కేఫ్ దర్శిని అను హోటలు ఏర్పాటు చేయించినారు. కుర్చీలు లేవు. ముందు డబ్బు కట్టి చీటీ తీసికొనవలెను. వంటగది గవాక్షమువద్ద చీటీ ఇచ్చి పళ్లెమును, గ్లాసును తెచ్చుకొనవలెను. ఎత్తైన బల్లచుట్టు నిలిచి తినవలెను. వంట అంతయు కంటికెదురుగనే జరుగును. చోటు కొంచెము చాలును, వడ్డించువారి జీతము లేదు, కూర్చుండి కాలము గడుపువారు లేరు. అందువలన ధర తగ్గినది, వచ్చువారు పెరిగినారు. అచిరకాలములోనే దర్శిని అను పేరు ఒక హోటలుది కాక, ఒక జాతిదైనది. ఒక్క కాఫీని ఇద్దరు పంచుకొను "బై టూ" పద్ధతియు ఇక్కడ నిక్షేపముగా సాగుచున్నది.

దర్శిని చేసిన పెద్దపని చౌకదనము మాత్రమే కాదని మా అభిప్రాయము. వడ్డించువాడు లేనిచోట, ముందెవరికి వడ్డించవలెనను ప్రశ్న లేదు. కూర్చుండుట లేనిచోట, ఎవరి సరసన అను ప్రశ్న లేదు. ఒకే బల్లచుట్టు ఆఫీసరు, ఆటో నడుపువాడు, కూలి మోచేతులు తగులునట్లు నిలిచి త్రాగుచున్నారు. అనంతపురమునుండియో, చిత్తూరునుండియో పనికై వచ్చిన మన కుర్రవానికి కన్నడము రాకపోయినను కాఫీ అను ఒక్క మాట చాలును. నీ ఊరేది, నీవారెవరు అని అడుగువారు లేరు. 1965లో శంకరపురములో వెలసిన బ్రాహ్మిన్స్ కాఫీ బార్ నేటికిని ఆ పేరుతోనే ఉన్నది. కాని అక్కడ వరుసలో నిలుచువారిని పేరుబల్ల ఏరుటలేదు.

అయినను ఈ కథకు ఒక లోటు కలదు. పశ్చిమ దేశములలోని ఫాస్టుఫుడ్డు హోటలులో తినినవాడు తన పళ్లెమును తానే తీసి చెత్త వేయుట వాడుక. మన దర్శినిలో నిండు గ్లాసును మనమే తెచ్చుకొనుచున్నాము. ఎంగిలి గ్లాసును మాత్రము బల్లపై వదలి పోవుచున్నాము. దానిని తీయుటకు గుడ్డ భుజమున వేసికొని ఒకడు తిరుగుచుండును. చాలకాలము ఆ పని పసిపిల్లలది. హోటళ్లలో పదునాలుగేండ్లలోపు పిల్లలను పనికి పెట్టరాదని 2006 అక్టోబరులో నిషేధము వచ్చినది. పిల్లల స్థానమున పెద్దలు వచ్చినారు. ఎంగిలి తీయుట తక్కువపని అను భావము మాత్రము అట్లే నిలిచియున్నది. రెండు గ్లాసుల పద్ధతిలో తన గ్లాసు తాను కడుగుట ఎవరికి శిక్షగా విధించినామో తలచుకొన్నచో, మన గ్లాసు మనము తీయుటకు ఏల సంకోచింతుమో తెలియును.

ఇంకొక మాట. నిలుచుండలేని వృద్ధులకును, గర్భిణులకును దర్శిని అనుకూలము కాదు. నాలుగు కుర్చీలు వేసినంతమాత్రమున సమానత్వము చెడదు. అవసరమైనవారికి ఆసనము, చేతనైనవారికి పని అనునదే సమానత్వము.

ఈ ఉగాది విందునకు మన సంఘ సభ్యులకు మా విన్నపమొకటి. పెద్దలను కూర్చుండబెట్టి మన పిల్లలచేత వారికి కాఫీ అందింపజేయుదము. తక్కినవారమందరము వరుసలో నిలిచి తెచ్చుకొందము. త్రాగిన తరువాత ఎవరి గ్లాసు వారము తీసి, కడుగు చోటికి చేర్చుదము. అక్కడ కడుగుచున్నవారిని పేరుపెట్టి పలుకరించి, వారికిని ఒక గ్లాసు కాఫీ ఇచ్చి, మన సరసన నిలిచి త్రాగుమని కోరుదము.