అమ్మీ గోద్, టెన్నెసీ కానూన్

కార్లో బచ్చా ఎక్కడ? అమ్మీ గోద్‌లో. మన ఇళ్లలో ఇదే దస్తూర్. ఇదే మొహబ్బత్ అమెరికాలో ఒక కానూన్‌కి చిల్లు పెట్టింది.

టెన్నెసీ రాష్ట్రంలో పిల్లల డాక్టర్ రాబర్ట్ శాండర్స్ పట్టుబట్టగా, కార్లో చిన్నపిల్లలకు వేరే సీటు ఉండాలనే చట్టం 1978లో అమల్లోకి వచ్చింది. ఆ దేశంలో అదే మొదటిది. అయితే సభ్యులు ఒక రియాయత్ ఇరికించారు: పెద్దలు చేతుల్లో పట్టుకుంటే చాలట! దానికి పడ్డ పేరు 'పిల్లల్ని నలిపేసే సవరణ'. పేరు సరైనదే. బండి గుద్దుకున్న క్షణంలో పదికిలోల బిడ్డ ఎన్నో రెట్ల బరువుతో ముందుకు దూకుతుంది. ఏ చేతులూ ఆపలేవు, పైగా పట్టుకున్నవాళ్ల ఒళ్లే బిడ్డ మీద పడుతుంది. 1981లో ఆ రియాయత్ తీసేశారు.

మన దగ్గర 2019 సవరణ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోతే నడిపేవారికి 1,000 రూపాయల జుర్మానా. సీటు వెనక వరుసలో పెట్టాలి. నెలల పిల్లలైతే మొహం బండి వెనక్కి ఉండాలి. బిగించాక ఊపి చూడండి, అంగుళం మించి కదలకూడదు.