దేశం పోయింది, భాష మిగిలింది

ఈ రోజు మన దగ్గర రష్యన్ చదువు ఎలా మొదలైందో చూద్దాం.

1965లో ఢిల్లీలో రష్యన్ అధ్యయన సంస్థ పెట్టారు. 1969లో అది జేఎన్‌యూలో కలిసింది. హైదరాబాద్‌లో ఇంగ్లీషు కోసమే పెట్టిన కేంద్ర సంస్థ 1972లో సీఫెల్ అయింది, అంటే విదేశీ భాషలూ వచ్చి చేరాయి. ఇప్పటి ఇఫ్లూ అదే. ఎందుకంత అవసరం? భిలాయ్ ఉక్కు, మిగ్ విమానాలు అన్నీ సోవియట్ సాయంతోనే కదా! దుబాసీలు కావాల్సి వచ్చారు.

నేను చేరింది మాత్రం పుస్తకాల వల్ల. ఉప్పల లక్ష్మణరావు గారు, రారా గారు మాస్కోలో ఉండి అనువాదాలు చేసేవారు. ఆ పుస్తకాలు విశాలాంధ్రలో చవగ్గా దొరికేవి.

క్లాసులో 33 అక్షరాలు, ఆరు విభక్తులు. విభక్తులు మనకు అలవాటేగా అనుకున్నా. తీరా చూస్తే నామవాచకంతో పాటు విశేషణమూ మారుతుంది! ఒక్కటే ఊరట: "ఆయన డాక్టరు" అనడానికి మనలాగే వాళ్లకీ క్రియ అక్కర్లేదు.

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ కూలింది. అప్పుడు నాది రెండో ఏడాది. "ఆ దేశమే లేదంట, ఇంకా ఆ చదువెందుకురా?" అన్నారు నాన్న. జవాబు చెప్పలేకపోయాను. ఉద్యోగం కూడా చివరికి వేరే దారిలోనే దొరికింది.

కానీ డిక్షనరీ ముట్టకుండా చెహోవ్ కథ ఒకటి పూర్తి చేసిన రాత్రి నాకు జవాబు దొరికింది. జెండా మారింది, భాష ఎక్కడికీ పోలేదు.

మీ ఇంట్లో ఆ పాత పుస్తకాలుంటే, అనువాదకుడి పేరు ఒకసారి చూడండి. ఉంటాను.