తుపాకిమీద లేని పేరు

భీమడోలు ప్రాంతపు కొల్లేరులో బ్రిటిషు పాలనాకాలాన దొరలూ, జమీందార్లూ చలికాలపు పరజలను వేటాడేవారు. 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేని భారతీయుణ్ణి తుపాకి ఉంచుకోనివ్వలేదు. తెల్లవారికి మినహాయింపు ఉండేది. కనుక నగిషీ తుపాకి ఆయుధం మాత్రమే కాదు, హోదా కూడా. హోదా ఎవరిదో మనకు తెలుసు. నగిషీ ఎవరిది?

తుపాకిమీద కంపెనీ పేరుంటుంది. గొట్టంమీద పరీక్షాముద్ర ఉంటుంది. ఇంగ్లండులో దాన్ని చట్టమే తప్పనిసరి చేసింది. చెక్కినవాడి పేరు ఉండాలని ఏ చట్టమూ అడగలేదు. లండనులో హారీ కెల్ పెద్ద పెద్ద కంపెనీల తుపాకులకు నగిషీ చెక్కాడు. ఘనత కంపెనీలకు దక్కింది. ఆయన దగ్గర పని నేర్చిన కెన్ హంట్ తరానికి గాని చెక్కేవాడి పేరు కొనేవారి నోట పడలేదు.

పేరు లేనిచోట చేతిని పట్టుకునేదెలా? తుపాకి క్రమసంఖ్యను బట్టి కంపెనీ ఖాతాలు వెతకాలి. పనివాడు తన చెక్కడానికి సిరా పూసి కాగితంమీద తీసుకున్న అచ్చులుంటే పోల్చాలి. చివరకు పనినే చదవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పర్డీ వారి గులాబీలూ, తీగచుట్లూ తరతరాలుగా అనేకులు చెక్కినవి. నమూనా కంపెనీది, తీగ వంపులో, గీత లోతులో కనిపించే దస్తూరీ మాత్రమే కార్మికుడిది.

కొల్లేరు 1999లో అభయారణ్యమయింది. పాత తుపాకులు వేలంపాటలకు చేరాయి. చెక్కినవాడి పేరు తేలితే ధర పెరుగుతుంది. ఆ పెరుగుదలలో అతనికి వాటా లేదు. అయినా ఆ పేరు వెతకవలసిందేనని నా వాదన. కొన్నవాడి చరిత్ర ఎలాగూ మిగులుతుంది. చేసినవాడి చరిత్రను మనమే రాయాలి.