దూర బోధన పద్ధతులు: తెలంగాణ ప్రభుత్వ బడుల అనుభవం

కోవిడ్ కాలంలో బడులు మూతపడినప్పుడు పుట్టిన, లేదా పెరిగిన బోధనా పద్ధతులలో కొన్ని పిల్లలు తిరిగి బడికి వచ్చాక కూడా కొనసాగాయి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో నిలిచినవి టీవీ పాఠాల కంటే ఆ పాఠాల చుట్టూ అల్లుకున్న పనులే: అభ్యాస పత్రాలు, పిల్లల్ని స్థాయిని బట్టి జట్లు చేయడం, తల్లిదండ్రులతో వాట్సాప్ గ్రూపులు.

పూర్వరంగం

దూరం నుంచి పాఠం చెప్పడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పెట్టెలు చేరాయి. వాటిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. ఉదయం పూట కార్యక్రమాలు బడి పిల్లల కోసం, సాయంత్రం పూటవి పెద్దల కోసం. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 2001లో వచ్చిన ‘మన టీవీ’ తెలంగాణ ఏర్పడ్డాక ‘టీ-శాట్’గా మారి విద్య, నిపుణ అనే రెండు ఛానళ్లుగా నడుస్తోంది. అందుకే 2020లో ప్రభుత్వం జూమ్ వైపు కాకుండా టీవీ వైపు చూసింది. ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్ లేని రాష్ట్రంలో అది తెలివైన నిర్ణయమే.

2020–2022

2020 మార్చి మధ్యలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో 3 నుంచి 10వ తరగతి వరకు పాఠాలు మొదలయ్యాయి. టీచర్లు ఆగస్టు చివరి వారం నుంచే బడికి హాజరయ్యారు. ఏ ఇంట్లో టీవీ ఉందో, ఎక్కడ ఫోన్ ఉందో, ఈ రెండూ లేని పిల్లలెవరో జాబితాలు తయారు చేశారు. ఏదీ లేని పిల్లలను పక్కింటి తోటి విద్యార్థితోనో, గ్రామ పంచాయతీలోని టీవీతోనో జతచేశారు. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులు తెరిచినా మార్చి 24 నుంచి మళ్ళీ మూత. ఆ సెప్టెంబరు 1న బడులు తెరుచుకున్నాయి. 2022 జనవరిలో మరోసారి మూతపడి ఫిబ్రవరి 1న తెరిచారు.

ఒకటి, రెండు తరగతులకు మొదట్లో టీవీ పాఠం లేదు. అక్షరాలు దిద్దించడం తెర మీద కుదిరే పని కాదు కదా. దాని ఫలితం తర్వాత తెలిసింది. పిల్లల చదువు స్థాయిని కొలిచే ‘అసర్’ సర్వే 2022 ప్రకారం తెలంగాణలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 5.2 శాతమే, 2018లో వీరు 18.1 శాతం. 2022లో మూడో తరగతిలో ఉన్నవారు 2020లో ఒకటో తరగతి పిల్లలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే లెక్క 22.6 నుంచి 10.3కు పడిపోయింది. ఇంత పతనానికి టీవీ పాఠాలు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కానీ చిన్న తరగతుల్లో టీచరు ఎదురుగా లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఈ అంకెలు చాలు.

తరగతి గదిలోకి వచ్చినవి

మొదట చెప్పుకోవలసింది అభ్యాస పత్రం. టీవీ పాఠం చూశాక పిల్లలు చేయడానికి రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి వర్క్‌షీట్లు తయారు చేసింది. పిల్లవాడు నిజంగా పాఠం విన్నాడో లేదో తేలేది ఆ కాగితం మీదే. బడులు తెరిచాక కూడా వర్క్‌షీటు నిలిచింది. ఏకోపాధ్యాయ బడిలో అయిదు తరగతుల పిల్లలూ ఒకే గదిలో కూర్చుంటారు. ఒక వరస చేతిలో కాగితం పెడితేనే టీచరుకు మరో వరసతో మాట్లాడే సమయం దొరుకుతుంది.

రెండోది, తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి బోధించడం. 2022 ఆగస్టులో 1–5 తరగతులకు మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమంలో బేస్‌లైన్ పరీక్ష పెట్టి, పిల్లవాడు అక్షరం దగ్గర ఉన్నాడా, వాక్యం దగ్గర ఉన్నాడా అని చూసి అక్కడి నుంచి నడిపిస్తారు. 2023లో పై తరగతులకు ‘ఉన్నతి’ వచ్చింది.

మూడోది పాఠాల నిల్వ. టీ-శాట్ పాఠాలు యాప్‌లో, యూట్యూబ్‌లో ఉండిపోయాయి. డిజిటల్ పాఠాల వేదిక ‘దీక్షా’ 2017లోనే వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లూ కోవిడ్‌కు ముందే అచ్చయ్యాయి; వాటిని తెరిచి చూసే అలవాటు ఆ తర్వాతే పెరిగింది. బడుల బాగు కోసం ప్రభుత్వం చేపట్టిన ‘మన ఊరు–మన బడి’ కింద ఉన్నత పాఠశాలలకు డిజిటల్ తెరలు వచ్చాయి. అమెరికాలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే టీచర్లు 2007లో పాఠాన్ని ఇంట్లో వీడియోగా చూపించి, బడిలో లెక్కలు చేయించారు. ఇక్కడ ఆ తలకిందుల పద్ధతి కుదరలేదు. ఫోన్ నాన్న జేబులో ఉంటుంది, నాన్న పొలంలో ఉంటాడు. కాబట్టి వీడియో కూడా బడిలోనే చూపించాలి.

గంగారం వంటి చోట్ల

మహబూబాబాద్ జిల్లా గంగారం 2016లో కొత్తగూడ నుంచి విడిపోయి మండలమైంది. అడవుల నడుమ కోయ గూడేలున్న ఏజెన్సీ ప్రాంతం. ఏటూరునాగారం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధి. ఇలాంటి మండలాల్లో పెద్ద పిల్లల చదువు ఆశ్రమ పాఠశాలల మీద ఆధారపడి ఉంటుంది. అవి మూతపడితే పిల్లలు హాస్టల్ నుంచి నేరుగా గూడేనికి చేరతారు. అన్నం, చదువు, టీచరు ఒక్కసారే దూరమవుతాయి. కోయ మాట్లాడే ఇంట్లోకి టీవీ తెచ్చింది తెలుగు పాఠం. అడవి గూడెంలో సిగ్నల్ కూడా అడిగినప్పుడు దొరికేది కాదు.

ఇలాంటి చోట్లకు తెర కంటే బాగా సరిపోయే పద్ధతి సాంఘిక సంక్షేమ గురుకులాలు 2020లో నడిపిన గ్రామ అభ్యసన వలయాలు. ఇంటికి వెళ్ళిన గురుకుల విద్యార్థులు తమ ఊళ్ళోనే అరుగుల మీద, చెట్ల కింద చిన్న పిల్లల్ని కూర్చోబెట్టి చదువు చెప్పారు. బడిలో పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం పాత అలవాటే. ఆ వలయాలు దాన్ని ఊళ్ళోకి తెచ్చాయి. బడులు తెరిచాక ఈ పద్ధతికి తెరలకు దక్కినంత ఆదరణ దక్కలేదు. తెరకు టెండరు ఉంటుంది, కొనుగోలు ఉంటుంది; అరుగు మీది చదువుకు అవేవీ లేవు.

పరీక్షలు

ఆ కాలపు మార్పుల్లో నిలిచిన మరొకటి పదో తరగతి పరీక్షా విధానంలో వచ్చినది. 2021లో పరీక్షలు రద్దు చేసి అందరినీ ఉత్తీర్ణులను చేశారు. 2022 మేలో 70 శాతం సిలబస్‌తో, 11 పేపర్ల బదులు 6 పేపర్లతో పరీక్ష పెట్టారు. మరుసటి ఏడాది సిలబస్ పూర్తిగా తిరిగి వచ్చింది కానీ 11 పేపర్లు రాలేదు. తొమ్మిది, పది తరగతులకు 6 పేపర్ల విధానమే ఖాయమైంది.