కండ్లజోడు నుండి కాంతిశస్త్రము వరకు

కండ్లజోడు లేని గృహము నేడు అరుదు. బడికి పోవు బాలుడు నల్లబల్లమీది అక్షరములు కానరాక తొలిజోడు ధరించును. నలువది దాటిన గృహస్థు పత్రికను ఎంత దూరముగా పట్టుకొన్నను చదువజాలక మరియొక జోడు కొనును. ఇటలీ దేశమున 13వ శతాబ్ది చివర ఈ సాధనము పుట్టినది. నాటినుండి సుమారు ఏడు వందల ఏండ్లు మానవుడు దృష్టిదోషమును కంటికి వెలుపలనే సవరించుకొనుచు వచ్చెను. దోషము కంటిలో ఉండగా దిద్దుబాటు ముక్కుమీద ఉండుట ఏల, కంటినే దిద్దరాదా అని మనకు తోచుట సహజము. కాని దాని వెంటనే వేరొక ప్రశ్న లేచును. అద్దములతో చక్కగా చూడగల ఆరోగ్యవంతమైన కంటిపై కత్తి పెట్టుట న్యాయమా? నేడు లోకమున లక్షలాది జనులు చేయించుకొనుచున్న లేజరు చికిత్స ఈ రెండు ప్రశ్నల నడుమ పెరిగినది.

మొదట కంటి నిర్మాణమును కొంచెము తెలిసికొందము. నల్లగ్రుడ్డుకు ముందు, గడియారమునకు అద్దమువలె, పారదర్శకమైన పొర యొకటి కలదు. దానిని శుక్లపటలము అందురు. దాని మందము నడుమ సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. అయినను కాంతిని వంచి కేంద్రీకరించు పనిలో మూడింట రెండు వంతులు దానిదే. కాంతి వెనుకనున్న నేత్రపటలముపై సరిగా కేంద్రీకరించినచో చూపు స్పష్టముగా ఉండును. ఈ సంగతిని జర్మను శాస్త్రజ్ఞుడు కెప్లరు 1604లో వివరించెను. కనుగ్రుడ్డు పొడవు హెచ్చినను, శుక్లపటలపు వంపు హెచ్చినను బింబము నేత్రపటలమునకు ముందే ఏర్పడును. ఇదియే హ్రస్వదృష్టి. అట్టివారికి శుక్లపటలమును నడుమ రవంత చదును చేయగలిగినచో బింబము తన స్థానమునకు చేరును. మూడు డయాప్టర్ల హ్రస్వదృష్టిని పోగొట్టుటకు తీయవలసినది మిల్లీమీటరులో నూరవ వంతులు నాలుగు కూడ లేదు. తలవెంట్రుక మందముకంటె తక్కువ. ఇంత సూక్ష్మమైన పని చేయగల చేయి గాని, కత్తి గాని లేకపోవుటయే చిరకాలము చిక్కై నిలిచెను.

శుక్లపటలముపై కోతలు పెట్టినచో దాని వంపు మారునని డచ్చి దేశీయుడగు లాన్స్ 1898లో కుందేళ్లపై పరీక్షించి చూపెను. జపాను దేశమున సాటో అను నేత్రవైద్యుడు 1940 ప్రాంతమున దీనిని మానవులపై ప్రయోగించెను. ఆయన శుక్లపటలమును ముందువైపునుండియే గాక, లోపలివైపునుండి కూడ కోసెను. తొలుత చూపు మెరుగుపడెను. కాని ఏండ్లు గడచిన కొలది ఆ కండ్లలో అనేకము ఉబ్బి మసకబారెను. కారణమేమన, శుక్లపటలపు లోపలి అంచున ఒకే వరుస కణములు ఉండును. లోనికి చేరు నీటిని నిరంతరము వెలికి తోడుచు పొరను స్వచ్ఛముగా ఉంచునవి అవియే. నశించినచో మానవులలో అవి తిరిగి మొలువవు. సాటో కత్తి తగిలినది వానికే. ఆ కణముల ప్రాముఖ్యము నాటి వైద్యలోకమునకు తెలియదు. అద్దములతో చూడగలిగిన వారే చివరకు అద్దములు పెట్టినను చూడలేని స్థితికి వచ్చిరి.

తరువాతి ప్రయత్నములు వేర్వేరు దారులలో సాగెను. దక్షిణ అమెరికాలోని బొగొటా నగరమున బరాకేర్ అను స్పానిష్ వైద్యుడు శుక్లపటలమునుండి పలుచని బిళ్లను కోసి, దానిని గడ్డకట్టించి, తరిమెనపై చెక్కి, మరల కంటిపై అమర్చు పద్ధతిని కల్పించెను. ఈ యూహను ఆయన 1949లో ప్రకటించెను. మాస్కోలో ఫ్యోదరొవ్ 1970వ దశకమున బండిచక్రపు ఆకులవలె ముందువైపు మాత్రమే కోతలు పెట్టు పద్ధతిని వ్యాపింపజేసెను. అది అమెరికాకు చేరి విశేష ప్రచారము పొందెను. అచటి పండితులు సాటో అనుభవము మరువక, చికిత్స పొందినవారిని పదియేండ్లు వెన్నంటి పరీక్షించిరి. ఫలితము 1994లో వెల్లడియయ్యెను. నూటికి 43 కండ్లు దీర్ఘదృష్టి వైపునకు ఒక డయాప్టరో అంతకంటె ఎక్కువో జరిగియుండెను. కోతలతో బలము తగ్గిన పొర ఏండ్ల తరబడి మారుచునే యుండునని దీనివలన తేలెను.

ఇంతలో వేరొక రంగమున వేరొక సాధనము సిద్ధమగుచుండెను. ఎక్సైమరు అను జాతి లేజరును 1970లో మాస్కో శాస్త్రజ్ఞులు సృష్టించిరి. అది కంటికి కనబడని అతినీలలోహిత కిరణము. న్యూయార్కు రాష్ట్రమున ఐ.బి.యం. సంస్థ పరిశోధనాలయమందు మద్రాసు విశ్వవిద్యాలయమున చదువుకొన్న రంగస్వామి శ్రీనివాసన్, ఆయన సహచరులు వైన్, బ్లమ్ ఆ కిరణమును పరిశీలించుచుండిరి. జీవపదార్థముపై దాని ప్రభావమెట్టిదో చూడగోరి, 1981 నవంబరు 27న శ్రీనివాసన్ తమ యింట పండుగ విందులో మిగిలిన సీమకోడి మాంసమును పరిశోధనాలయమునకు కొనివచ్చెను. కిరణము దానిపై తీర్చిన గాడి అంచులు నిశితముగా ఉండెను. చుట్టుప్రక్కల మాడిన జాడ లేదు. అణువుల బంధములను త్రుంచి, పదార్థమును పొరలు పొరలుగా ఎగురగొట్టుటయే దాని ధర్మము. ఒక్కొక్క తాకిడికి పోవునది మిల్లీమీటరులో వేయవ వంతుకంటె తక్కువ. ఈ పరిశోధనకు ఆ మువ్వురకును అమెరికా అధ్యక్షుడు 2013లో జాతీయ పతక మొసగెను.

కొలంబియా విశ్వవిద్యాలయపు నేత్రవైద్యుడు ట్రోకెల్ శ్రీనివాసన్‌తో కలిసి 1983లో దీనిని శుక్లపటలమునకు అన్వయించెను. ఇక కోతల అవసరము లేదు. ఉపరితలమునే చెక్కి వంపు మార్చవచ్చును. అయినను వైద్యులు తొందరపడలేదు. జంతువుల కండ్లపై, పిమ్మట చూపు పోయిన మానవుల కండ్లపై పరీక్షలు జరిగెను. కాని చూపున్న కంటిపై ఫలితమెట్లుండును? అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున 1988లో ఒక స్త్రీ ఇందుకు ముందుకు వచ్చెను. క్యాన్సరు కారణముగా ఆమె కన్నొకటి తీసివేయవలసి యుండెను. తీసివేయుటకు ముందు దానిపై ఈ చికిత్స చేసి చూడుడని ఆమె సమ్మతించెను. డాక్టరు మార్గరీట్ మెక్‌డొనాల్డ్ ఆ చికిత్స చేసెను. కొలది దినములకు ఆ కంటిని తొలగించి పరీక్షించిరి. శుక్లపటలము చక్కగా మానుచుండెను. తనకు ఏ ప్రయోజనమును లేని ఈ పరీక్షకు ఆమె అంగీకరించుటచే తరువాతివారికి దారి తెరచుకొనెను. అమెరికా ప్రభుత్వపు అనుమతి 1995లో లభించెను.

ఉపరితలమును చెక్కుటవలన కొలది దినములు నొప్పియు మసకయు ఉండును. దానిని తగ్గించుటకు, గ్రీసు దేశపు క్రీటు ద్వీపమున పలికారిస్ 1990 ప్రాంతమున బరాకేర్ పద్ధతిని, లేజరును జతపరచెను. పలుచని పొరను పుస్తకపు పుటవలె తిప్పి, అడుగు భాగమును కిరణముతో చెక్కి, పుటను మరల మూయుదురు. ఇదియే లాసిక్. ఆ పుటను కూడ నేడు అనేకచోట్ల అతిస్వల్పకాలిక కాంతిస్పందములు గల లేజరుతోనే తీర్చుచున్నారు. అట్టి స్పందములను బలవంతముగా సృష్టించు విధానమును 1985లో ప్రకటించిన మూరూ, స్ట్రిక్లండ్ అనువారికి 2018లో నోబెల్ బహుమతి లభించినది.

ఈ చికిత్సకును హద్దులు కలవు. పొరను మితిమీరి చెక్కినచో మిగిలినది లోపలి ఒత్తిడికి ఆగక ఉబ్బునని 1998లో జర్మను వైద్యుడు సైలర్ హెచ్చరించెను. కొందరికి కన్ను పొడిబారును; రాత్రివేళ దీపముల చుట్టు వలయములు కనబడును. చత్వారము శుక్లపటలపు దోషము కాదు. లోపలి కటకము వయసుతో బిగిసికొనుటచే కలుగునది కనుక, హ్రస్వదృష్టి పోగొట్టుకొన్నవారికిని నలువది దాటిన పిదప చదువుటకు అద్దములు సాధారణముగా అవసరమగును.

మన యిండ్లలో యువతీయువకులు ఈ చికిత్స కోరినపుడు వైద్యుని అడుగదగినవి మూడు. శుక్లపటలపు మందమెంత? దాని వంపు సక్రమముగా ఉన్నదా? అద్దముల శక్తి ఏడాదిగా మారక నిలిచియున్నదా? ఇవి చిన్న ప్రశ్నలుగా తోచవచ్చును. కాని వీనిలో ఒకటి కూడ సాటో కాలమున అడుగువారు లేరు. ఇవి నేర్చుటకు వైద్యలోకమునకు అర్ధశతాబ్ది పైగా పట్టినది. ఆ కాలమున చూపు నష్టపోయినవారు ఎందరో కలరు.