చెన్నపట్టణపు మసూలా పడవ – దాని నమూనా

జార్జిటౌనులోని లింగిచెట్టి వీథి, తంబుచెట్టి వీథి, ఎఱ్ఱబాలుచెట్టి వీథి మున్నగు తావులలో తరతరములుగా కాపురముండు మన తెలుగు కుటుంబములకు సముద్రము కూతవేటు దూరముననే యున్నది. అయినను అది కంటికి కానరాదు. నడుమ రేవుగోడలు, గిడ్డంగులు, రైలుపట్టాలు అడ్డముగా నిలిచినవి. నూటయేబది యేండ్లకు పూర్వము ఇట్లుండలేదు. నేడు రాజాజీ సాలై యని పిలువబడు బీచి రోడ్డు ప్రక్కన ఇసుకయు, ఇసుక కావల కెరటములును ఉండెను. ఆ కెరటములపై పగలెల్ల రాకపోకలు సాగించిన ఒక పడవను గూర్చియు, దానికి చిన్న నమూనా చేయుట అను వేడుకను గూర్చియు పాఠకులకు విన్నవించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

1639వ సంవత్సరమున దామెర్ల నాయకులు ఆంగ్లేయుల కనుగ్రహించిన ఈ తీరమునకు సహజమైన రేవు లేదు. ఓడలు ఒడ్డునకు చేరలేక దూరముగా లోతునీట లంగరు దించి నిలుచుచుండెను. ఓడకును ఒడ్డునకును నడుమ, ఒకదాని వెంట నొకటి విరిగిపడు కెరటములలో, పాశ్చాత్యుల మేకులు కొట్టిన పడవలు తునాతునకలగుచుండెను. అచ్చట నిలిచినది మసూలా పడవ యొక్కటియే. గవర్నరులు దిగినది అందులోనే. సిపాయిలు, ఉత్తరములు, వెండిపెట్టెలు వచ్చినది అందులోనే. మన వర్తకుల బట్టలమూటలు సీమ కేగినది కూడ అందులోనే. నీలిమందు, చేతిరుమాళ్ళు అమ్మి ధనమార్జించి, ఆ ధనమును ప్రజాసేవకై వెచ్చించిన గాజుల లక్ష్మీనరసు చెట్టిగారి (1806–1868) కాలమున చెన్నపట్టణమునుండి విదేశమునకు వెడలిన ప్రతి మూటయు మొదట మసూలా పడవ నెక్కవలసినదే.

1861లో ఇనుపస్తంభములపై ఒక వంతెన సముద్రములోనికి కట్టబడెను. 1875లో వేల్సు యువరాజు ఈ నగరమునకు వచ్చినపుడు కృత్రిమ నౌకాశ్రయమునకు శిల నెలకొల్పెను. 1881 నాటి తుపాను ఆ కట్టడమును చాలవరకు పాడుచేసినను, పని మరల సాగి ముగిసెను. ఓడలు గోడ ప్రక్కకే వచ్చి నిలువసాగిన పిమ్మట మసూలా పడవతో పని తీరిపోయెను. నేడు మన ఒడ్డున పనిచేయు మసూలా పడవ ఒకటియు లేదు. కొయ్యయు కొబ్బరిత్రాడును చిరకాలము నిలుచునవి కావు. కోటగోడ నిలిచినది, ఆ కోటను పోషించిన పడవ నిలువలేదు.

ఇట్టి లోపమును తీర్చుటకే నౌకల నమూనాలు పుట్టినవి. అవి పిల్లల ఆటబొమ్మలు మాత్రమే యనుకొనుట పొరబాటు. నాలుగువేల యేండ్ల క్రిందట ఐగుప్తు దేశమున మెకెత్రే యను అధికారి సమాధిలో ఉంచిన పడవబొమ్మలు 1920లో బయల్పడెను. నాటి నీలనదిపై తెడ్లు వేయువా రెట్లు కూర్చుండిరో, వంటపడవ వెంట నెట్లు నడచెనో వానివలననే లోకమునకు తెలిసినది. 17వ శతాబ్దమున ఆంగ్ల నౌకాశాఖవారు తమ యుద్ధనౌకలకు కొలతప్రకారము నమూనాలు చేయించిరి. అడుగునకు పావు అంగుళము, అనగా నలువది యెనిమిదవ వంతు, వారికి వాడుకైన కొలత. ఆ మహానౌకలలో పెక్కు మునిగినవి, చివికినవి. గాజుపెట్టెలలోని నమూనాలు నేటికిని చెక్కుచెదరలేదు.

తెలుగువారును ఓడల నెరిగిన జాతియే. రెండవ శతాబ్దపు చివర యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణెములపై రెండు స్తంభముల ఓడ ముద్రింపబడినది. వ్రేలిగోరంత లోహముపై స్తంభములను, చుక్కానిని గుర్తింపవచ్చును. మన దేశమున మిగిలిన మొదటి నౌకాప్రతిరూపములలో అది యొకటి యనదగును. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, తుపానున కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు హరించు దురాచారమును మాన్పెను. 17వ శతాబ్దమున నరసాపురము నౌకానిర్మాణమునకు పేరొందినది. ఆంగ్లేయులు తమ ఓడలను అచ్చట కట్టించుకొనుటయు, బాగుచేయించుకొనుటయు కలదు. గోదావరి ముఖమున కోరంగి, తాళ్ళరేవు గ్రామముల ఓడవడ్రంగులు కట్టిన దోనెలు బంగాళాఖాత మంతటను తిరిగెను. 1839 నాటి ఉప్పెన కోరంగిని ముంచినది. తుపానులకు 'సైక్లోను' అను పేరు పెట్టిన పిడింగ్టను దొర పరిశీలించిన గాలివానలలో అదియు నొకటి. రేవు శిథిలమైనను పేరు నిలిచెను. ఆ తీరమునుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగువా రందరును అచ్చట 'కోరంగీలు' అనియే పిలువబడిరి.

ఇంత చరిత్ర కలిగియు మన వడ్రంగులు పటములు గీచి దాచుకొన్నవారు కారు. కొలతలు వారి కంటిలో, చేతిలో నుండెను. తండ్రి చేతినుండి కొడుకు చేతికి దిగెను. వానిని కాగితముపై కెక్కించినవారు పరదేశీయులు. త్రింకొనామలెలో నౌకానిర్మాణాధికారిగా నుండిన జాన్ ఈడై 1834లో ప్రకటించిన వ్యాసమున మసూలా పడవను, దోనెను కొలిచి వర్ణించెను. ఫ్రెంచి నావికుడు ఎడ్మండ్ పారీ తన ప్రయాణములలో ఆసియా పడవలను కొలిచి, పటములు గీచి, 1840 ప్రాంతమున మహాగ్రంథముగా వెలువరించెను. ఆ పటముల ననుసరించి చేసిన నమూనాలు పారిసు నౌకావస్తుశాలలో నున్నవి. మదరాసు మత్స్యశాఖకు డైరెక్టరుగా నుండిన జేమ్సు హార్నెల్ 1920లో భారతదేశపు పడవల రూపురేఖలపై వ్రాసిన గ్రంథము నేటికిని ప్రమాణము. మన పడవ రూపము తెలిసికొనుటకు మనము పారిసు గాజుపెట్టెలను చూడవలసి వచ్చుట గర్వకారణమా, చింతాకారణమా అని పాఠకులే యోచింతురు గాక.

'మసూలా' అను పేరు మసూలిపట్నము, అనగా మన మచిలీపట్నము, నుండి వచ్చినదని కొందరందురు. చేపను తెలుపు 'మచిలి' శబ్దమునుండి వచ్చినదని మరికొందరందురు. ఏది నిజమైనను పడవ నిర్మాణము మాత్రము విచిత్రము. దాని పొడవు 30 మొదలు 35 అడుగులు, వెడల్పు సుమారు 10 అడుగులు, లోతు 7, 8 అడుగులు, అడుగుభాగము చదును. మామిడి మున్నగు కొయ్యల పలకలను అంచు కంచు చేర్చి, సందుపై పీచు పరచి, కొబ్బరిత్రాటితో కుట్టుదురు. మేకు లేదు, లోపల ఎముకలవంటి కొయ్యలును లేవు. అడ్డముగా కొన్ని బల్లలు మాత్రముండును. వెదురుకఱ్ఱ చివర గుండ్రని పలక కట్టినచో అదియే తెడ్డు. పడవవారు పాట పాడుచు తెడ్లు వేయుదురు. వెనుక నొకడు పొడవైన తెడ్డుతో దారి నడపును. కుట్లనుండి ఊరు నీటిని ఒకడు ఎత్తిపోయుచునే యుండును. ప్రయాణికులు నీట పడినచో రక్షించుటకు వెంట కట్టుమరములు వచ్చుచుండెను.

ఇచ్చట నా అనుభవ మొకటి చెప్పుకొనక తప్పదు. యౌవనమున నాకు ఓడల నమూనాలు చేయు పిచ్చి యుండెడిది. పాశ్చాత్య గ్రంథములలో చెప్పినట్లు అడుగుదూలము పెట్టి, దానిపై ఎముకలు నిలిపి, వానికి పలకలు తాపి ఒక మసూలా పడవను చేసితిని. చిన్న ఇత్తడిమేకులు కొట్టితిని. అద్దమువలె మెరయునట్లు వార్నీషు పూసితిని. చూచినవారందరును మెచ్చిరి. తరువాత భీమునిపట్నములోని బంధువుల యింటికి పోయినపుడు, దానిని వెంట గొనిపోయి, కుట్టుపడవలపై అలివి వల లాగి ముసలివాడైన ఒక జాలరికి చూపితిని. ఆయన దానిని చేతులలో త్రిప్పి త్రిప్పి చూచి, లోపలకు వ్రేలు పోనిచ్చి, "ఏటి బాబూ, ఎముకలెట్టీసినారు? మా పడవకి ఎముకల్లేవు. కెరటం కొడితే వొంగాల, మళ్ళీ లెగాల. ఇది మొదటి కెరటానికే ఇరిగిపోద్ది" అనెను.

ఆ మాటతో నాకు కనువిప్పు కలిగెను. పలకలను కుట్టుట మేకులు దొరకని బీదతనముచే కాదు. అది ఎంచి చేసిన పని. ఇసుకపై ధనాలున పడినపుడు గట్టిపడవ పగులును. కుట్టుపడవ ఒదిగి, దెబ్బను తనలో ఇముడ్చుకొని, మరల తన రూపమునకు వచ్చును. పడవ రూపమును నేను అనుకరించితినే కాని, దాని బుద్ధిని గ్రహింపలేదు. ఆ మెరయు బొమ్మను మరల ఎవ్వరికిని చూపలేదు. మొదటినుండి మరియొకటి ప్రారంభించితిని.

రెండవ పర్యాయము చేసిన విధము, ఆసక్తి గల యువకులకు ఉపయోగపడునని, క్లుప్తముగా చెప్పుదును. అడుగునకు అరంగుళము కొలత అనుకూలము. 32 అడుగుల పడవ 16 అంగుళము లగును, వెడల్పు 5 అంగుళములు, లోతు మూడున్నర. అంగుళమున్నర పలక అంగుళములో పదునారవ వంతు రేకగును. మామిడికొయ్యయే వాడవలెనను పట్టుదల వలదు. కొయ్య చారలు కొలతతోపాటు చిన్నవి కావు గనుక, పెద్ద చారల కొయ్య చిన్నపడవపై మోటుగా కనబడును. ఏటికొప్పాక బొమ్మలకు వాడు అంకుడుకొయ్య చారలు సన్నము. అది పలకలకు తగినది. కొండపల్లి బొమ్మలకు వాడు పొణికికొయ్య తేలిక, మెత్తన. దానితో పడవ లోపలి ఆకారమునకు ఒక అచ్చు చెక్కుకొనవలెను. అంకుడు రేకులను వేడినీట నానబెట్టి, అచ్చుపై వంచి, దారముతో కట్టి, ఒక రాత్రి ఆరనీయవలెను. పిమ్మట అంచులవెంట సన్నని రంధ్రములు వేసి కుట్టవలెను. రంధ్రములు ఎదురెదురుగా సరిపడకున్నచో కుట్టు వంకరపోవును. కావున గుర్తులు పెట్టిన తరువాతనే సూది పట్టవలెను. నూలుదారమును చిక్కని తేనీటి డికాక్షనులో నానబెట్టినచో కొబ్బరిపీచు వన్నె వచ్చును. కుట్టు ముగిసిన పిదప అచ్చును తీసివేయవలెను. పడవ వ్రేళ్ళ నడుమ ఇంచుక ఒదిగి మరల నిలిచినచో పని ఫలించినట్లే.

ఇక తుది మెరుగు. కొత్తవారు చెడగొట్టునది ఇచ్చటనే. కొలత కొయ్యకే కాదు, వన్నెకును కలదు. నిజమైన పడవ ఉప్పుగాలికి వెలిసి బూడిదవన్నె తిరిగియుండును. దూరమునుండి చూచినపుడు ఏ రంగైనను మరింత వెలవెలబోవును. కావున మెరుగుపూత పనికిరాదు. గాజుకాగితముతో నునుపుచేసి, గుడ్డతో ధూళి తుడిచి, అవిసెనూనెను పలుచగా ఒక్కమారు పట్టించి, మిగిలినది తుడిచివేసి, కొన్నిదినములు నీడ నారనీయవలెను. తెడ్లు చేతులు పట్టుచోట నున్నగాను, నీట మునుగుచోట వెలిసినట్లును ఉండవలెను. ఆ చిన్న భేదమే బొమ్మకును పడవకును గల భేదము.

ఇది కేవలము ముసలివారి కాలక్షేపము కాదు. ఎన్.సి.సి. నావికావిభాగపు విద్యార్థులకు నౌకల నమూనాలు చేయుట ఒక పోటీ విషయముగా నున్నది. 1948లో 'జల ఉష' జలప్రవేశము చేసిన విశాఖపట్నమున నేడు నౌకాచరిత్రను తెలుపు వస్తుశాలయు కలదు. మన యిండ్లలో స్త్రీలు కార్తికమాసము ముగిసిన మరునాడు, పోలిస్వర్గమునాడు, అరటిదొప్పలలో దీపములుంచి నీట విడుతురు. తెలుగుబిడ్డ చూచు మొదటి ఓడ ఆ అరటిదొప్పయే. దానినుండి మసూలా పడవకు దూర మెంతో లేదు.

మన సంఘముయొక్క వార్షికోత్సవములలో పాటలు, నాటకములు, అవధానములు జరుగుచునే యున్నవి. వానితోపాటు ఒక బల్లపై మసూలా పడవ నమూనా నొకదానిని ఉంచి, ప్రక్కన దాని కొలతలను, దానివలన జీవించిన వీథుల పేర్లను తెలుగులో వ్రాసిపెట్టుదము. దానిని ఒక పెద్దయు, ఒక పిన్నయు కలిసి చేయుదురు గాక. పెద్దలకు కథ తెలియును. పిన్నలకు కన్ను, చేయి కుదురుగా నుండును. రేవుగోడల వెనుక దాగిన సముద్రమును మన పిల్లలకు చూపుటకు ఇంతకన్న సులభమైన ఉపాయము నాకు తోచదు. నేను రెండవమారు చేసిన పడవ మా ముందుగది కిటికీలో నున్నది. ఇంటికి వచ్చు పిల్లలను దాని లోపల వ్రేలు పెట్టి చూడుమందును. ఎముక లేవియు లేవే యని వారు ఆశ్చర్యపడినపుడు ఆ ముసలి జాలరి మాటను వారికి చెప్పుదును.